ఐ-20లో 'మేజర్ 2' గడి చూసుకున్నారా?

పోయిన నెల జడ్చర్ల నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. ఇంటర్ అయిపోయింది, అమెరికాలో డిగ్రీకి సీటొచ్చింది, తనకేమో జర్నలిజం చదవాలని ఉంది, వాళ్ల నాన్నకేమో కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి చదువే కాదు. ఇంట్లో పది రోజులుగా ఇదే పంచాయితీ. "అన్నా, రెండూ కలిపి చదవొచ్చా?" అని అడిగింది. చదవొచ్చు, ఇక్కడ చాలామంది చదువుతారు. కానీ కలిపి చదవడం అంటే ఇక్కడ మూడు రకాలు. ఆ తేడా ఐ-20లో, అంటే వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితంలో, ఎట్లా పడుతుందో తెలియక నేను ఇంకో రెండేళ్లు చదవాల్సి వచ్చింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మేజర్ అంటే ముఖ్య సబ్జెక్టు. మైనర్ అంటే ఐదారు క్లాసులు, రెండో సబ్జెక్టును రుచి చూడడం అంతే. డబుల్ మేజర్ అంటే ఒకటే డిగ్రీ, దాంట్లో రెండు సబ్జెక్టులూ పూర్తిగా. డ్యూయల్ డిగ్రీ అంటే రెండు పట్టాలు, మామూలుగా 120 క్రెడిట్లతో (ప్రతి క్లాసుకూ ఇన్ని అని లెక్క) అయిపోయేది 150 దాకా పోతుంది, అంటే దాదాపు ఒక ఏడాది ఫీజు ఎక్కువ. అప్పు చేసి వస్తున్నవాళ్లకు నా సలహా డబుల్ మేజర్. జర్నలిజంతో అది కుదురుతుంది కూడా, ఎందుకంటే అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉన్న జర్నలిజం స్కూళ్లలో సగానికి పైగా క్రెడిట్లు జర్నలిజం బయటే తీసుకోవాలి, రాయడం నేర్పుతాం గానీ దేని గురించి రాయాలో వేరే చోట నేర్చుకో అన్నట్టు. ఆ బయటి క్రెడిట్లను చెల్లాచెదురుగా వాడకుండా ఒక్క సబ్జెక్టు మీద పెడితే అదే రెండో మేజర్ అవుతుంది.

ఇక నా సంగతి. మాది దేవరకొండ. మేనమామ ఇక్కడ ఉండబట్టి 2010లో డిగ్రీకే వచ్చా. జర్నలిజం మేజర్, స్టాటిస్టిక్స్ మైనర్. నాకు సలహా ఇచ్చే ఆయన మైనర్ చాలన్నాడు, నేనూ సరే అనుకున్నా. 2014లో పట్టా చేతికొచ్చాక తెలిసింది, చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అందరికీ 12 నెలలే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) సబ్జెక్టు వాళ్లకే దాని మీద పొడిగింపు (అప్పట్లో 17 నెలలు, ఇప్పుడు 24), జర్నలిజం స్టెమ్ జాబితాలో లేదు, మైనర్‌ను అసలు లెక్కలోకే తీసుకోరు. అంత కష్టపడి చదివిన స్టాటిస్టిక్స్ ఐ-20 మీద ఎక్కడా లేదు! ఏడాది గడిచింది, హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రాలేదు, మళ్లీ ఫీజు కట్టి స్టాటిస్టిక్స్‌లోనే మాస్టర్స్ చేశా. ఇప్పుడు ఒక పేపర్‌లో లెక్కల్లోంచి వార్తలు తీసే డేటా డెస్క్‌లో పని. ఆ రెండేళ్ల ఫీజు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే ఐ-20 చేతికి రాగానే మొదటి పేజీలో మేజర్ 1, మేజర్ 2 అని రెండు గడులుంటాయి, చూడండి. పక్కనే కోడ్ ఉంటుంది. జర్నలిజం అయితే 09.0401, కంప్యూటర్ సైన్స్ అయితే 11.0701. రెండో గడిలో ఏమీ లేక 00.0000 అని ఉంటే ప్రభుత్వం దృష్టిలో మీరు ఒక్కటే చదువుతున్నట్టు. కాలేజీ వెబ్‌సైట్లో మీ పేరు కింద రెండు మేజర్లు కనబడుతున్నాయి కదా అని ఊరుకోవద్దు, కాలేజీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ దగ్గరికి వెళ్లి ఐ-20 మార్పించుకోవాలి. ఇంకో మెలిక ఉంది. స్టెమ్ పొడిగింపు మీద చేసే ఉద్యోగం ఆ స్టెమ్ సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదే అయ్యుండాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పని చేసే అర్హత ఉందో లేదో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి. అంటే పేపర్‌లో డేటా పని, గ్రాఫిక్స్ వెనక కోడ్ రాసే పని అయితే వాదించడానికి వీలుంటుంది, ఉత్తి రిపోర్టర్ ఉద్యోగానికి కుదరదు. మొదటి 12 నెలల ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చన్నది కూడా గుర్తుంచుకోండి, పేపర్లలో ఉద్యోగాలు అంత తొందరగా దొరకవు.

వీసా కోసమే రెండో సబ్జెక్టు తీసుకోమని మాత్రం నేను అనను. ఇష్టం లేని కోడింగ్ రాత్రి రెండింటి దాకా చేస్తూ పొద్దున్నే రిపోర్టింగ్‌కు పోతే రెండూ పాడవుతాయి. మీకు రాయడానికి సరుకు ఇచ్చే సబ్జెక్టు ఏదో చూసుకోండి. ఈ మాట నాకు ఎక్కడ బోధపడిందంటే నీళ్ల దగ్గర.

రెండో ఏడు రిపోర్టింగ్ క్లాసులో ఊరి నీళ్ల రిపోర్టు మీద వార్త రాయమన్నారు. ఇక్కడ నీళ్లు సరఫరా చేసేవాళ్లు ఏటా జూలై 1 లోపు ఆ నీళ్లలో ఏముందో జనానికి లెక్క చెప్పాలి, మనలా ఆర్టీఐ వేసి 30 రోజులు కూర్చోనక్కర్లేదు. నల్లగొండోడిని కదా, నా కన్ను నేరుగా ఫ్లోరైడ్ వరుస మీదికే పోయింది. చూస్తే వీళ్లు ఫ్లోరైడ్‌ను కావాలనే కలుపుతున్నారు, పళ్లు పుచ్చకుండా! 1945లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలుపెట్టారట. మర్రిగూడ, చండూరు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వంకర తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగినవాడికి అది ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. మన దగ్గర లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇక్కడ చట్టం 4 దాకా ఒప్పుకుంటుంది. క్లాసులో అందరూ "పరిమితి లోపలే ఉంది" అని ఒక వాక్యం రాసి వదిలేస్తే, ఆ పరిమితి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగడానికి నేను ఇంజినీరింగ్ బిల్డింగ్‌లో ఒక ప్రొఫెసర్ దగ్గరికి పోయా. మీది ఏ ఊరు అంటే నల్లగొండ అన్నా. ఆయన కళ్లద్దాలు తీసి, "నల్లగొండ టెక్నిక్ నల్లగొండా?" అన్నాడు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి అది, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి మన జిల్లా పేరు పెట్టింది, ఆఫ్రికాలో కూడా వాడారు. మా జిల్లా పేరు ఇక్కడి ప్రొఫెసర్‌కు తెలుసు, నాకే తెలియదు. ఆరోజు నాకు కెమిస్ట్రీ, లెక్కలు వచ్చి ఉంటే ఇంకో పది ప్రశ్నలు అడిగేవాణ్ని, రాలేదు కాబట్టి రెండింటితో లేచొచ్చా. మరుసటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ తీసుకున్నది ఆ సిగ్గుతోనే.

కాబట్టి వ్యవసాయమో, పబ్లిక్ హెల్తో, ఎకనామిక్సో, కంప్యూటరో, మీకు ఏది చూస్తే ప్రశ్నలు పుడతాయో అది తీసుకోండి. లెక్కలున్న సబ్జెక్టు అయితే మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టండి, కాలిక్యులస్ ఒకటి అయితేనే రెండు, రెండు అయితేనే మిగతావి, గొలుసులా ఉంటాయి, ఒక్కటి ఆలస్యమైతే ఏడాది జారుతుంది. ఎంపీసీ వాళ్లకు మొదటిది మనం ఇంటర్లో చదివిందే, సీఈసీ వాళ్లు మాత్రం ఇంటి దగ్గరున్నప్పుడే కొంచెం చూసుకుని రండి. టైం టేబుల్ గొడవ కూడా ఉంటుంది. 1908లో మొదలైన మిస్సోరి జర్నలిజం స్కూల్‌లో విద్యార్థులు కొలంబియా మిస్సోరియన్ అనే నిజమైన ఊరి పేపర్‌కే పనిచేస్తారు, అలాంటి చోట న్యూస్‌రూమ్ షిఫ్టూ కంప్యూటర్ ల్యాబూ ఒకే సాయంత్రం పడితే ఎవరూ మీకోసం ఆగరు.

క్లాసులో మనవాళ్లకు తగిలే మొదటి దెబ్బ "తెలిసింది" అనే మాట. దేవరకొండ బస్టాండ్ దగ్గర మండల విలేకరి పక్కన కూర్చుని వార్తలు రాయడం చూసినవాణ్ని, "విశ్వసనీయ సమాచారం", "స్థానికులు ఆరోపిస్తున్నారు" నా నోట్లోనే ఉండేవి. ఇక్కడ ప్రతిదానికీ ఎవరన్నారు, పేరేంటి, నీకెట్లా తెలుసు అని ఎర్ర గీత పడుతుంది. నా మొదటి వార్తలో ఒక కౌన్సిల్ మెంబర్ పేరులో ఒక్క అక్షరం తప్పు రాస్తే మిగతా అంతా బాగున్నా ఎఫ్ వేశారు. ఏడుపొచ్చింది గానీ, తర్వాత ఎవరి పేరైనా అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకోవడం అలవాటైంది. ఇంగ్లిష్ యాస గురించి టెన్షన్ వద్దు, ఊరి కౌన్సిల్ మీటింగ్ అంటే మన గ్రామసభే, కుర్చీలు మంచివి అంతే.

డబ్బుల దగ్గర జాగ్రత్త. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువు మధ్యలో బయట పని చేయడానికి అనుమతి) కావాలి, మామూలుగా ఏడాది చదివాక ఇస్తారు, అది ఐ-20 మీద పడ్డాకే పనిలో కాలు పెట్టాలి, ఫుల్‌టైం సీపీటీ 12 నెలలు వాడితే అదే స్థాయి చదువుకు ఓపీటీ పోతుంది. కొన్ని స్టూడెంట్ పేపర్లు యూనివర్సిటీవి కావు, బర్క్‌లీలో డైలీ కాలిఫోర్నియన్ 1971 నుంచి వేరే సంస్థే, అలాంటి చోట జీతం తీసుకునే ముందు డీఎస్‌ఓను అడగండి. తెలుగు చానళ్లకు డబ్బులకు వార్తలు పంపడం, యూట్యూబ్‌లో యాడ్స్ పెట్టుకోవడం కూడా పని కిందికే రావొచ్చు. అందరూ పెడుతున్నారు కదా అని నాతో అనొద్దు.

ఆ జడ్చర్ల చెల్లె వాళ్ల నాన్నతో కూడా మాట్లాడా. "పత్రికలు మనలాంటోళ్లకు అన్నం పెడతాయా బాబూ?" అన్నాడు. పెట్టడం కష్టమేనని ఒప్పుకున్నా. కానీ మన నల్లగొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వచ్చింది కదా, మీ పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు వకీలు చదువు చదివే 1926లో గోలకొండ పత్రిక పెట్టారు కదా అన్నా. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, ఆయన తిట్లు రాసి ఊరుకోలేదు, ఊరూరి నుంచి వివరాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. మా డెస్క్‌లో మేం చేసేది అదే పని, కంప్యూటర్ ఒక్కటి ఎక్కువ. వాళ్ల నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి కంప్యూటర్ కూడా చదువుతదిగా?" అన్నాడు.

నిన్న ఆ చెల్లె ఐ-20 ఫొటో పంపింది. మేజర్ 2 దగ్గర ఏమీ లేదు, సున్నాలే. అడ్వైజర్‌కు మెయిల్ పెట్టించా, మొదటి సెమిస్టర్ మార్కులు వచ్చాకే రెండో మేజర్ డిక్లేర్ చేయొచ్చని జవాబొచ్చింది. సరే, ఈలోపు మొదటి ప్రోగ్రామింగ్ క్లాసులో, కాలిక్యులస్ క్లాసులో ఇప్పుడే పేరు రాయించుకోమన్నా. కాలిక్యులస్ దొరికింది, ప్రోగ్రామింగ్ వెయిటింగ్ లిస్టులో తొమ్మిదో నంబరట.