కారు చిప్ తాళం ఒకటి పోయింది, రెండోది నా దగ్గరే ఉంది, హైదరాబాద్‌లో కొత్తది బయట చేయించాలా, షోరూమ్‌కే వెళ్లాలా?

రెండో తాళం చేతిలో ఉందన్నారు కాబట్టి టెన్షన్ వద్దు. కానీ ఆలస్యం చేయకండి. అదీ పోతే ఖర్చు, తిరుగుడు రెండూ పెరుగుతాయి.

తాళం కట్ చేయడం నిమిషాల పని. అసలు పని చిప్‌ది. తాళం తలలో గోరంత చిప్ ఉంటుంది. రిమోట్ బటన్లకు బ్యాటరీ కావాలి గానీ దీనికి అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే కరెంటు అందుకుని తన కోడ్ పంపుతుంది. ఆ కోడ్ కారు ఇమ్మొబిలైజర్‌లో (దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే పరికరం) నమోదై లేకపోతే తలుపు తెరుచుకుంటుంది, తాళం తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం నడవదు. అందుకే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్‌తో మెషిన్‌ను కలిపే చోటు) మెషిన్ తగిలించి కొత్త చిప్‌ను నమోదు చేస్తారు. కాబట్టి కారు తీసుకెళ్లాల్సిందే, ఉన్న తాళం కూడా.

మామూలు చిప్ తాళమైతే రాణీగంజ్ వైపు అడిగి చూడండి, సాధారణంగా షోరూమ్ కన్నా తక్కువలో అవుతుంది. స్టార్ట్ చేసి చూపించాకే డబ్బులివ్వండి. పుష్ బటన్ కారైతే షోరూమే మేలంటాను. ఆర్సీ, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. ఇన్సూరెన్స్‌లో కీ కవర్, అంటే తాళం పోతే ఖర్చు ఇచ్చే వెసులుబాటు, ఉందేమో ముందే చూసుకోండి.

ఎక్కడ చేయించినా, పోయిన తాళం కోడ్ తీసేయమని గట్టిగా చెప్పండి. లేదంటే అది దొరికినవాళ్లు మీ కారు నడుపుకుపోగలరు.