చెయ్యి పెట్టే ముందు తల చూడు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

హైదరాబాద్ నిజాంపేటలో సెలూన్‌కి షాపు ఖాయమైందని, మూడు కుర్చీలు వేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు రాయించబోతున్న రేట్ల బోర్డు ఫొటో కూడా పంపింది. కటింగ్, షేవింగ్, హెడ్ మసాజ్ వరకు బాగానే ఉంది. వాటి కింద డాండ్రఫ్ ట్రీట్‌మెంట్, స్కాల్ప్ స్పా, హెయిర్ ఫాల్ కంట్రోల్, హెయిర్ గ్రోత్ అని నాలుగు వరుసలు కనిపించాయి. అవి చూశాక కుదురుగా కూర్చుని నీకు ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో మాట్లాడుకుంటే మధ్యలో ఎవరో ఒకరు కటింగ్‌కి వస్తారు, నాకైనా నీకైనా.

మొదటి రెండూ ఉంచు. చివరి రెండూ తీయించెయ్. బోర్డు ఇంకా ప్రింటుకు వెళ్లలేదు కాబట్టి పోయేదేమీ లేదు.

తెనాలిలో 38 ఏళ్లుగా కుర్చీ వెనకే నిలబడ్డాను. నాకు తెలిసిన పెద్ద విషయం ఇది: మనిషి తన నడినెత్తిని తాను చూసుకోలేడు. ఇంట్లోవాళ్లు కూడా అంత దగ్గరగా చూడరు. నెలకోసారి మంచి వెలుతురులో, పాయ తీసి, చెవుల వెనక, మెడ మీద, సుడి దగ్గర చూసేది మనం ఒక్కళ్లమే. కాబట్టి ఏ ట్రీట్‌మెంట్ అయినా సీసా మూత తీయడంతో మొదలు కాదు, చూడడంతో మొదలవుతుంది. తోక దువ్వెనతో నుదుటి నుంచి సుడి దాకా ఒక పాయ, చెవి నుంచి చెవికి ఒక పాయ తియ్యి. నూనె పెట్టకముందే చూడాలి. నూనె తగిలాక పొట్టు అణిగిపోయి ఏమీ తెలియదు. కుర్చీ పైన తెల్ల లైటు పెట్టించు. ఆ పసుపు లైట్లు ఫొటోలకి బాగుంటాయి గానీ వాటి కింద తలమాడు ఎర్రగా ఉందో మామూలుగా ఉందో తేలదు.

ఇక నీ దగ్గరికి ఎక్కువగా వచ్చేది చుండ్రే. దాని సంగతి వివరంగా చెబుతాను.

చుండ్రు మురికి వల్ల రాదు. మలసీజియా అనే ఒక రకం ఈస్టు, అంటే కంటికి కనపడని బూజు లాంటిది, అందరి తలల మీదా ఉంటుంది. అది తలలో ఊరే జిడ్డును తిని బతుకుతుంది. అలా తిన్నాక మిగిలేది కొందరి చర్మానికి పడదు. అప్పుడు చర్మం మంటెక్కి, పాత పొర ఊడాల్సిన దానికంటే తొందరగా ఊడుతుంది. మనకు భుజాల మీద కనపడే పొట్టు అదే. ఇది అర్థమైతే నూనె సంగతి నీకే తెలిసిపోతుంది. చుండ్రున్న తలకు రాత్రంతా నూనె పట్టించి పడుకోమంటే ఆ ఈస్టుకు అన్నం పెట్టినట్టే. పొద్దున్న చూస్తే పొట్టు కనపడదు, తగ్గిందనుకుంటారు. రెండు రోజులకు మళ్లీ మామూలే. నూనె మంచిది కాదని కాదు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంట్లో అది పాడవకుండా కాపాడుతుంది. మన అమ్మలు తలంటుకు ముందు నూనె రాసింది అందుకే. అది వెంట్రుకకు చేసే మేలు, చుండ్రుకు మందు కాదు. ఈ రెండూ కలిపెయ్యకు, కస్టమర్‌ని కలపనివ్వకు.

చుండ్రుకు పనిచేసేవి మెడికల్ షాపులో దొరుకుతాయి. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ, జింక్ పైరిథియోన్ ఉన్నవి, సెలీనియం సల్ఫైడ్ ఉన్నవి. పొట్టు మందంగా ఉంటే సాలిసిలిక్ యాసిడ్ కలిసినవి. పేర్లు అందరికీ తెలుసు, తప్పు వాడే తీరులోనే ఉంటుంది. నురగ రాగానే కడిగేస్తారు. మందు పనిచెయ్యాలంటే 3 నుంచి 5 నిమిషాలు తల మీద ఉండాలి. నువ్వు షాపులో చేసేటప్పుడు ఫోన్లో టైమర్ పెట్టు, కస్టమర్‌కి కనపడేట్టు పెట్టు. గోరువెచ్చని నీళ్లతో తల తడిపి, అరచేతిలో షాంపూ తీసుకుని, వెంట్రుకల మీద కాకుండా పాయలు తీసి చర్మం మీద పట్టించు. వేళ్ల మెత్తని భాగంతోనే రుద్దాలి. గోళ్లు తగలకూడదు, ఎంత దురద అన్నా సరే. గట్టిగా గీకితే హాయిగా ఉందంటారు, సాయంత్రానికి రసి కారి పక్కు కడుతుంది. ఐదు నిమిషాలయ్యాక కడుగు, రెండుసార్లు కడుగు. జారుడు పూర్తిగా పోవాలి.

ఒక్క సిట్టింగ్‌లో చుండ్రు పోదు. ఈ మాట నువ్వే ముందు చెప్పాలి. వారానికి రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు ఇంట్లో వాడుకుంటేనే తగ్గుతుంది. తగ్గాక కూడా అప్పుడప్పుడు వాడుతుండాలి. నువ్వు చేసే మొదటి వాష్ అతనికి పాఠం లాంటిది, ఎలా చేసుకోవాలో చేసి చూపించడం. దానికే డబ్బులు తీసుకో, తప్పు లేదు. ఆరు సిట్టింగుల ప్యాకేజీ మాత్రం అమ్మకు.

చుండ్రు కాని తల జబ్బులు మూడున్నాయి. వీటి దగ్గర చెయ్యి ఆపు.

మొదటిది తామర. నేను షాపు పెట్టిన రెండో వేసవిలో ఒకాయన ఏడేళ్ల పిల్లాణ్ని తెచ్చాడు. తల వెనక రూపాయి బిళ్లంత చోట వెంట్రుకలు మొదట్లోకి విరిగి నల్లటి చుక్కల్లా ఉన్నాయి, చుట్టూ పొట్టు. చుండ్రనుకున్నాను. మిషన్ వేశాను, దువ్వెన దులిపి పక్కన పెట్టాను. నెల తిరిగేసరికి అదే వీధిలో ఇంకో ఇద్దరు పిల్లలకు అవే మచ్చలు. ఒక తల్లి కొడుకుని తీసుకుని షాపు గుమ్మంలోకొచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వాడి తల నా వైపు తిప్పి నిలబడింది. ఆమె అలా నిలబడడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. తలకు పట్టిన తామర పైపూతకు లొంగదు, డాక్టరు రాస్తే వారాల తరబడి మాత్రలు మింగాల్సిందే. అది దువ్వెన మీద, మిషన్ పళ్ల మీద, టవల్ మీద బతికి ఇంకో తలకు పాకుతుంది. పిల్లల తల మీద విరిగిన వెంట్రుకలు, పొట్టు కలిసి కనిపిస్తే కటింగ్ కూడా చెయ్యకు. తండ్రిని పక్కకు పిలిచి, పదిమందిలో కాకుండా, స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని చెప్పు.

రెండోది సోరియాసిస్. ఎర్రటి చోట వెండి రంగు పొరలు మందంగా ఉంటాయి, తరచూ నుదుటి అంచు దాటి బయటికి వస్తాయి. అంటుకునేది కాదు. భయపడకు, ఆ మనిషిని బాధపెట్టకు, మామూలుగా కటింగ్ చెయ్యి. స్క్రబ్బు మాత్రం పెట్టకు. గీకితే ఇంకా పెరుగుతుంది.

మూడోది పేనుకొరుకుడు. ఇందులో పొట్టు ఉండదు, నున్నగా గుండ్రంగా ఊడిపోతుంది. పేరు అలా పడింది గానీ ఏ పేనూ కొరకలేదు. మన ఒంటిని కాపాడాల్సిన శక్తే కుదుళ్ల మీద తిరగబడుతుంది. పెళ్లికి పన్నెండు రోజులుందనగా ఒక కుర్రాడు టోపీ పెట్టుకుని వచ్చాడు. ఎవరో వెల్లుల్లి రుద్దమన్నారట. రుద్ది రుద్ది ఆ మచ్చ చుట్టూ పొక్కులు లేచాయి, ముట్టుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బ్లేడుతో గాట్లు పెడితే మొలుస్తుందని మా పెద్దవాళ్లలోనూ కొందరు నమ్మేవాళ్లు. ఆ పని నువ్వు ఎప్పుడూ చెయ్యకు. చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాదిలోపు వాటంతటవే మొలుస్తాయి, డాక్టరు దగ్గరికెళ్తే ఇంకా త్వరగా మొలిచే వీలుంది. నేను ఆ రోజు చేసిందల్లా పక్క జుట్టు ఆ మచ్చ మీదికి వాలేట్టు కట్ చెయ్యడమే. తలపాగా కింద అదెవరికీ కనపడలేదు.

ఇప్పుడు మాలిష్ గురించి. ఇది మన సొంత విద్య. ఇంగ్లీషువాళ్ల షాంపూ అన్న మాట కూడా చాంపో అనే మన దేశపు మాట నుంచే పుట్టింది, అంటే నొక్కు, పిసుకు అని. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లాండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, మర్దనతో అక్కడి రాజుగారి మెప్పు కూడా పొందాడు. కాబట్టి మాలిష్‌ని చిన్నచూపు చూడకు. నూనె నీ మణికట్టు మీద వేసి వేడి చూసుకో. వేళ్లు వెంట్రుకల మీద జారకూడదు. వేళ్లు ఒకచోట ఆనించి, కింద చర్మం ఎముక మీద కదిలేట్టు తిప్పాలి. కణతల దగ్గర తేలిగ్గా, వెనక పుర్రె అంచున బొటనవేళ్లతో కాస్త లోతుగా. పది పదిహేను నిమిషాలు చాలు. చల్ల నూనెలోని కర్పూరం, పుదీనా పువ్వు వల్ల చల్లగా అనిపిస్తుందే గానీ రోగమేదీ తగ్గదు. ఈమధ్యే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నారా అని ముందే అడుగు. అక్కడ ఇలాంటివాళ్లు నీకు తగులుతారు, వాళ్ల డాక్టరు సరేనన్నాకే చెయ్యాలి.

మెడ విరవకు. గడ్డం పట్టుకుని టక్కున తిప్పడం నాకు పని నేర్పినాయన నేర్పాడు, పదేళ్లు నేనూ చేశాను. చప్పుడు వస్తేనే జనం సంతోషించేవాళ్లు. ఒక రోజు ఒక పెద్దాయనకు తిప్పగానే కుర్చీ పట్టుకుని లేవలేకపోయాడు, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. అరగంటకు సర్దుకుంది. ఆ అరగంట నేను ఆయన కాళ్ల దగ్గరే కూర్చున్నాను. మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఎముకల మధ్యగా పోతాయి. అవి చీలితే పక్షవాతం వస్తుందని తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. వాష్ బేసిన్ మీద తల బాగా వెనక్కి వాల్చి కడిగినా ఆ ప్రమాదం ఉంది. 1993లోనే అమెరికాలో ఒక డాక్టరు, పార్లర్లలో అలా తల కడిగించుకున్న ఐదుగురు ఆడవాళ్ల గురించి రాశాడు. నువ్వు బేసిన్ కొంటున్నావు కదా, మెడ కింద మందపాటి టవల్ మడత పెట్టు, మధ్యలో ‘మెడ బాగుందా అన్నా’ అని అడుగు. రెండు చేతులు జోడించి నడినెత్తి మీద చప్పుడొచ్చేలా కొట్టడం కూడా మానెయ్, ముఖ్యంగా వయసైనవాళ్లకు.

హెయిర్ గ్రోత్ వరుస ఎందుకు తీసెయ్యమన్నానంటే, ఆ మాట మన చేతిలో లేదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా రాలతాయి. డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు కుప్పలుగా రాలతాయి. ఆ జుట్టు మళ్లీ మొలుస్తుంది, టెన్షన్ పడొద్దని చెప్పు. ఆ సమయంలో ఎవరు ఏ నూనె రాసినా ‘మా నూనెతోనే మొలిచింది’ అనుకుంటారు. నుదురు రెండు వైపులా వెనక్కి జరిగి, సుడి పలచబడితే అది వంశంలో వచ్చేది, హార్మోను పని. దానికి మందులున్నాయి, అవి డాక్టరు రాయాలి. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు అద్దంలో నీ కళ్లలోకి చూస్తూ ‘అన్నా, వస్తుందంటావా’ అని అడుగుతాడు. అప్పుడు ఐదు వేల ప్యాకేజీ చెప్పడం చాలా తేలిక. ‘తొందరగా డాక్టరు దగ్గరికెళ్లు, ఉన్న జుట్టును కాపాడుకోవచ్చు’ అని చెప్పు. ఆ కుర్రాడు నిన్ను వదలడు.

ఫేడ్, అంటే మెడ దగ్గర దాదాపు గొరిగేసినట్టుండే కటింగ్, అడిగేవాళ్లలో కొందరికి మెడ వెనక గట్టి గింజల్లాంటి పొక్కులుంటాయి. వాళ్లకి అక్కడ జీరో మిషన్ వెయ్యకు, బ్లేడు అసలే వద్దు, కాస్త పొడుగు వదిలెయ్. ప్రతిసారీ గీసేకొద్దీ అవి గట్టిపడి మచ్చలవుతాయి.

సామాన్ల సంగతి నీకు తెలుసు, రెండు మాటలే చెబుతాను. దువ్వెనను ముందు సబ్బుతో కడిగి తర్వాతే క్రిములను చంపే మందు నీళ్లలో వెయ్యి. జిడ్డు, వెంట్రుకలు ఉండగా ముంచితే మందు పనిచెయ్యదు. పటిక ముక్క అందరికీ ఒకటే రుద్దడం మానెయ్, పొడి చేసి దూదితో అద్దు. టవల్స్ తెల్లవి కొను, మురికి నీకూ కనపడాలి, వాళ్లకూ కనపడాలి. ఒక తలకు ఒక టవల్. వేడి నీళ్లకు కరెంటు ఖర్చవుతుందని వెనకాడకు. తెలంగాణలో మన సెలూన్లకు నెలకు 250 యూనిట్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 ఏప్రిల్‌లో మొదలైంది, దరఖాస్తు సంగతి అక్కడి సంఘంవాళ్లను అడుగు.

మన తాతలు ఊళ్లో వైద్యం కూడా చేసేవాళ్లు. సెగగడ్డలకు మా తాత దగ్గరికి పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. చేతిలో కత్తి ఉన్నా, గడ్డ పక్వానికి రాలేదనుకుంటే ముట్టేవాడు కాదు, రెండు రోజులాగి రమ్మనేవాడు. నేను చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాను.

ప్రారంభం అయ్యాక వచ్చే మొదటి మంగళవారం నేను, అత్తయ్య వస్తాం. షాపు సెలవు కాబట్టి తీరిగ్గా కూర్చోవచ్చు. నా ఎడమ చెవి వెనక ఆర్నెల్ల నుంచి ఒక మచ్చ ఉంది. అదేమిటో డాక్టరు చెప్పాడు, నీకు మాత్రం చెప్పను. పాయ తీసి నువ్వే చూసి చెప్పాలి.

మీ మావయ్య