ఇండెక్సింగ్ టేబుల్ గీసే ముందు వేసుకోవాల్సిన లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

జాబ్‌ని కావలసిన కోణానికి తిప్పి నిలిపే 320 మి.మీ. వ్యాసం టేబుల్‌కి నువ్వు పంపిన లేఅవుట్ చూశాను. వార్మ్ (వీలుని తిప్పే స్క్రూ గేరు), బేరింగు, మోటారు చక్కగా కుదిరాయి. కానీ కస్టమర్ అడిగిన ±5 ఆర్క్ సెకండ్లలో ఏ భాగానికి ఎంత వాటా ఇచ్చావో ఎక్కడా రాయలేదు. ముందు ఆ లెక్క వెయ్యి. 1 ఆర్క్ సెకండ్, అంటే డిగ్రీలో 3600వ వంతు, 100 మి.మీ. వ్యాసార్థం దగ్గర సుమారు అర మైక్రాన్. నీ టేబుల్ అంచున 5 సెకండ్లంటే నాలుగు మైక్రాన్లు కూడా లేవు. అందులోనే అన్నీ సర్దుకోవాలి.

అసలు వాళ్లకి ఏ కోణమైనా కావాలా? ఆ సంగతి అడిగి తెలుసుకో. కేసింగు నాలుగు ముఖాలు తిప్పి బోర్ చేయడానికే అయితే హర్త్ కప్లింగ్‌ని (ఎదురెదురు ముఖాల మీద పళ్లుండి ఒకదానిలో ఒకటి కూర్చునే రింగులు) మించింది లేదు. 72 పళ్లయితే 5 డిగ్రీలకొక స్టేషను, 360 అయితే డిగ్రీకొకటి. పళ్లన్నీ ఒకేసారి కూర్చుంటాయి కాబట్టి ఒక్కో పంటి తప్పు మిగతావాటిలో కలిసి చాలావరకు చదునవుతుంది. అయితే 60 డిగ్రీల పళ్ల మీద పడే స్పర్శరేఖా బలంలో 0.58 వంతు టేబుల్‌ని పైకి ఎత్తుతుంది. ఘర్షణ సాయాన్ని లెక్కలోకి తీసుకోకుండానే పళ్లని బిగించి పట్టే క్లాంపు బలం తేల్చు. మూడు రింగుల కప్లింగే పెట్టు. రెండు రింగులదైతే ప్రతిసారీ టేబుల్ లేస్తుంది, సీలు తెరుచుకుంటుంది, సన్నటి చిప్పు ఒక్కటి పళ్ల మధ్య చేరినా టేబుల్ ఒరిగిపోతుంది.

ఏ కోణమైనా కావాలంటే నువ్వు గీసిన డ్యూప్లెక్స్ వార్మ్ సరైనదే. దాని పంటి రెండు పక్కల లీడ్ (ఒక చుట్టుకి సాగే దూరం) తేడా 2 శాతం ఉంటే, వార్మ్‌ని 1 మి.మీ. జరిపితే బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) 20 మైక్రాన్లు తగ్గుతుంది. వార్మ్‌ని జరిపి నిలిపే షిమ్‌ని (సర్దుబాటు పలక) మందంగా తీసుకుని, కొలిచాకే గ్రైండ్ చేయించాలని డ్రాయింగులో రాయి. బ్యాక్‌లాష్‌ని ఒక్కచోట చూసి వదలకూడదు. చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల డయల్ పెట్టి చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట సెట్ చేయాలి. సున్నాకి మాత్రం తేవద్దు. పని మొదలై వార్మ్ వేడెక్కగానే సందు మూసుకుపోయి బ్రాంజ్ వీలు అరిగిపోతుంది. బిగుతైన చోట 10 మైక్రాన్లు వదిలితే, 200 మి.మీ. పిచ్ వ్యాసం మీద అది 20 సెకండ్లు. పెద్దదే, కానీ ప్రతి స్టేషన్‌కీ ఒకే దిశ నుంచి వచ్చి క్లాంపు చేస్తే అది పొజిషన్ తప్పులోకి రాదు.

యాక్సియల్-రేడియల్ బేరింగు రింగు పలచటిది. అది కూర్చునే ముఖం ఎలా ఉంటే అలాగే వంగుతుంది. హౌసింగు ముఖం ఫ్లాట్‌నెస్ బేరింగు కేటలాగు చెప్పిన హద్దులో ఉందో లేదో చూసుకో. బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాలి: టార్కులో 40 శాతం, 70 శాతం, ఆపైన పూర్తిగా. ఒక్కసారే బిగిస్తే రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే ఊపు) అక్కడే పాడవుతుంది.

ఇక టేబుల్‌ని కదలకుండా పట్టే డిస్కు క్లాంపు. ఇక్కడ నీ లెక్క తక్కువపడింది. 4000 న్యూటన్ల కోత బలం 160 మి.మీ. దగ్గర పడితే 640 న్యూటన్ మీటర్లు. ఒకటిన్నర రెట్లు తీసుకుంటే 960. డిస్కు సగటు వ్యాసార్థం 120 మి.మీ., రెండు పక్కలా పట్టు, నూనె తడి ఉంటుంది కాబట్టి ఘర్షణ గుణకం 0.1 అనుకో. 40 కిలోన్యూటన్ల బలం కావాలి. 35 బార్ ఒత్తిడి దగ్గర, 240 మి.మీ. సగటు వ్యాసం ఉన్న పిస్టను 15 మి.మీ.కి పైనే వెడల్పుండాలి. నువ్వు 10 పెట్టావు.

బలం ఒక్కటే చాలదు. పిస్టను నొక్కే ముఖం, ఎదురు ముఖం, డిస్కు ఈ మూడూ సమాంతరంగా లేకపోతే పట్టుకున్న క్షణంలో టేబుల్ పక్కకి గుంజుకుంటుంది. డిస్కుని టేబుల్‌కి కలిపే భాగాన్ని నిలువుగా కొద్దిగా వంగేలా, తిరిగే దిశలో గట్టిగా ఉండేలా పలచగా చెయ్యి. టేబుల్ గుంజుకుంటోందో లేదో చూడటానికి అంచున ఒక డయల్ నిలువుగా, ఇంకొకటి అడ్డంగా పెట్టి, పదిసార్లు క్లాంపు వేసి విడిచి చూడాలి. సూది ప్రతిసారీ ఒకేలా కదిలితే కాంపెన్సేషన్‌తో (కంట్రోల్‌లో వేసే దిద్దుబాటు) సరిచేయొచ్చు. ఒక్కోసారి ఒక్కోలా కదిలితే విప్పి ముఖాలు చూడాల్సిందే. క్లాంపు పట్టాక సర్వో టార్కుని తగ్గించాలని కంట్రోల్ వాళ్లకి ముందే చెప్పు. లేకపోతే మోటారు క్లాంపుతో పోట్లాడుతూ వేడెక్కుతుంది.

కోణం చదివే ఎన్‌కోడర్ని మోటారు వెనకాలే ఉంచావు. వీలైతే టేబుల్ స్పిండిల్ మీదే రింగు ఎన్‌కోడర్ పెట్టు. దాని సెంటరింగే అసలు పరీక్ష. మైక్రాన్లలో ఎక్సెంట్రిసిటీని (కేంద్రం పక్కకి జరిగిన దూరం) 412తో గుణించి, మి.మీ.లలో రింగు వ్యాసంతో భాగిస్తే తప్పు ఆర్క్ సెకండ్లలో వస్తుంది. 200 మి.మీ. రింగు 2 మైక్రాన్లు పక్కకి పోయినా ±4 సెకండ్లు. నీ వాటా దాదాపు అంతా దానికే పోయింది. రెండో రీడింగ్ హెడ్డుని సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల దగ్గర పెడితే ఆ తప్పు కొట్టుకుపోతుంది. ఖర్చు గురించి వెనకాడకు.

అంత ఖర్చు పెట్టలేమని యాజమాన్యం అంటే మోటారు ఎన్‌కోడర్‌తోనే నడిపి, పాలిగాన్ (చుట్టూ అద్దపు ముఖాలున్న బిళ్ల), ఆటోకాలిమేటర్‌తో (ఆ ముఖాల కోణాన్ని కాంతితో చదివే పరికరం) కొలిచి కంట్రోల్‌లో కాంపెన్సేషన్ వేస్తారు. సరిగ్గా ఇక్కడే నిన్ను కొలతే మోసం చేస్తుంది, జాగ్రత్త. నీ నిష్పత్తి 180:1. అంటే వార్మ్ ఒక చుట్టు తిరిగితే టేబుల్ 2 డిగ్రీలు కదులుతుంది. 12 ముఖాల పాలిగాన్‌తో 30 డిగ్రీలకొకసారి చూస్తే, ప్రతి రీడింగుకీ వార్మ్ 15 పూర్తి చుట్లు తిరిగి మళ్లీ అదే చోట ఆగుతుంది. వార్మ్ థ్రస్ట్ బేరింగులో 3 మైక్రాన్ల అక్షీయ రనౌట్ ఉందనుకో. 100 మి.మీ. పిచ్ వ్యాసార్థం మీద అది 6 సెకండ్ల ఊపు. నీ రిపోర్టులో అది ఒక్కసారి కూడా కనిపించదు. కస్టమర్ 7 డిగ్రీలకి తిప్పినప్పుడు జాబ్ మీద కనిపిస్తుంది.

కాబట్టి పాలిగాన్ కొలతతో పాటు వార్మ్ ఒక్క చుట్టులో, అంటే 2 డిగ్రీల లోపల, ఎనిమిది చోట్ల విడిగా రీడింగులు తీయించు. టేబుల్ మీద మూడు నాలుగు ప్రాంతాల్లో ఇలా చెయ్యి. రెండు దిశల నుంచీ, క్లాంపు వేసే చదవాలి. క్లాంపు లేకుండా తీసిన కొలత ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టు. ఆ పరికరాలు మీ దగ్గర లేకపోతే బెంగళూరు సి.ఎం.టి.ఐ. (సెంట్రల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్) లాంటి మెట్రాలజీ ల్యాబుని సంప్రదించు. రెండు డిగ్రీల లోపలి కొలతలు కూడా కావాలని ఆర్డరులోనే రాయాలి. రాయకపోతే మామూలు 30 డిగ్రీల పట్టికే చేతిలో పెడతారు.

పిస్టను మార్చాక కొత్త సెక్షన్, తప్పుల వాటా పట్టిక కలిపి పంపు. కాస్టింగు ప్యాటర్నుకి అప్పటిదాకా ఆర్డరు ఇవ్వొద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న