సమాధానం: ‘నాలెడ్జ్’ అన్న ప్రతిచోటా ‘జ్ఞానం’ పెట్టకండి

గుంటూరులో మిర్చి కొనుగోలు ఉద్యోగానికి ఇంగ్లీషు ప్రకటనను తెలుగు చేస్తూ, ‘నాలెడ్జ్’ ఉన్నచోట ‘మిర్చి జ్ఞానం తప్పనిసరి’ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉందని మీరు అన్నారు. ఉంటుంది మరి. ‘జ్ఞానం’ ఒంటరిగా వస్తే మన చెవికి వేదాంతం వినపడుతుంది. ముందు మాట జోడించి ‘సాంకేతిక పరిజ్ఞానం’ అంటే ఇబ్బంది లేదు.

ముందు ఒకటి తేల్చుకోండి: తెలియాల్సింది విషయమా, పనా, మనిషా? విషయమైతే ‘తెలుసు’, పనైతే ‘వచ్చు’, మనిషైతే ‘ఎరుగు’ లేదా ‘పరిచయం’. అసలు చిక్కు మొదటి రెండింటి దగ్గరే. ‘తాలు కాయలు (రంగు మారిన నాసి మిర్చి) వేరు చేయాలని తెలుసు’ అన్నవాడికి ఆ సంగతి తెలుసు, అంతే. ‘తాలు ఏరడం వచ్చు’ అన్నవాడు టిక్కీ (మిర్చి బస్తా) ముందు కూర్చుని రంగు మారిన కాయను చేత్తో తీసి పక్కన పెట్టగలడు. మీకు కావలసింది రెండోవాడు. కాబట్టి ఇలా మార్చండి: ‘తేజ, 334 అనే మిర్చి రకాల మధ్య తేడా తెలిసి ఉండాలి, గ్రేడింగ్ చేయడం వచ్చి ఉండాలి.’ వ్యతిరేకంలోనూ ఇంతే: తెలియదు, రాదు.

‘తెలివి’ మాత్రం వద్దు. అది బుద్ధికుశలత, సొమ్మసిల్లినవాడు లేచినా ‘తెలివొచ్చింది’ అంటాం.

షరతుల పేజీలో అసలు నామవాచకమే అక్కర్లేదు: ‘నాకు తెలిసినంతవరకు’, ‘యజమానికి తెలియకుండా’ అంటే చాలు. ‘నా జ్ఞానం మేరకు’ అని ఉంటే ఇప్పుడే కొట్టేయండి.