డాలస్ దగ్గర గుర్రాల స్థలం కొనే ముందు

ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో ఇల్లు కొనుక్కుని నాలుగైదేళ్లు గడిచాక మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతుంటారు: "అన్నా, ఆబ్రీ వైపు పదెకరాలు, ఇల్లూ గుర్రపుసాలతో సహా అమ్మకానికి వచ్చింది. పాపకు గుర్రపు స్వారీ అంటే ప్రాణం. కొనవచ్చా?"

కొనవచ్చు. అయితే ఆ పదెకరాల్లో మీ కళ్లకు ముందుగా ఆనేది ఇల్లు, ఆ తర్వాత తెల్ల కంచె, ఎర్ర కప్పు సాల. డబ్బు నిలబడేది, పోయేది మాత్రం నేల దగ్గరే. ఆ నేల ఎలాంటిది, దాని మీద పన్ను ఎంత, దాని కింద హక్కు ఎవరిది అన్న మూడు సంగతులూ తేలాకే వంటగదిలో గ్రానైట్ బాగుందో లేదో చూడండి.

ఈ కోరిక ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మనలో చాలామందిది వ్యవసాయం ఎరిగిన కుటుంబం. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే పొలం మీదికి మనసు పోతుంది. కానీ ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు ఇండియాలో వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అందుకే ఇక్కడ అయినా కాస్త నేల ఉండాలని అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. పాప స్వారీని మాత్రం నేల కొనడానికి సాకుగా వాడకండి. స్వారీ నేర్చుకోవడానికి సొంత స్థలం అక్కర్లేదు. ఒకటి రెండేళ్లు పాఠాలు నేర్పించండి. తర్వాత ఒక గుర్రాన్ని వారానికి కొన్ని రోజులు లీజుకు తీసుకోండి. చలికాలం తెల్లవారుజామున సాల శుభ్రం చేయడానికి పాప తనంతట తాను లేస్తుందా అన్నది అప్పటికి తేలిపోతుంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. 500 కిలోల గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి తింటుంది, 25 నుంచి 45 లీటర్ల నీళ్లు తాగుతుంది, టెక్సాస్ ఎండల్లో ఇంకా ఎక్కువే తాగుతుంది. లద్దె రోజుకు ఇరవై కిలోలకు పైనే ఎత్తిపోయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు మార్చే మనిషి రావాలి. 2011 కరువులో ఈ రాష్ట్రంలో ఎండుగడ్డికి ఎంత కటకట వచ్చిందో గుర్రాలున్న వాళ్లెవరినైనా అడగండి. మనకు ప్రత్యేకంగా ఇంకో సమస్య ఉంది. అమ్మానాన్నలను చూడటానికి నెల రోజులు ఇండియా వెళితే పూటపూటా మేత వేసేదెవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే స్థలం వెతకడం మొదలుపెట్టండి.

ఇక ఎక్కడ కొనాలి? డెంటన్ కౌంటీలో 377 హైవే వెంట ఆర్గైల్, ఆబ్రీ, పైలట్ పాయింట్, ఇంకా పైకి టియోగా దాకా గుర్రాల పెంపకందార్లు చేరడానికి కారణం నేలే. అది క్రాస్ టింబర్స్ పట్టీ. ఇసుక కలిసిన నేల కనుక వాన పడ్డా నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, గిట్టలకు మెత్తగా ఉంటుంది. అక్కడి నుంచి తూర్పుకు, కాలిన్ కౌంటీ వైపు జరిగితే బ్లాక్‌లాండ్ ప్రెయిరీ వస్తుంది. అది మన నల్లరేగడి లాంటిదే. పత్తికీ మొక్కజొన్నకూ బంగారం, గుర్రానికి మాత్రం కష్టం. వాన పడితే జిగట బురద లాడాన్ని పీకేస్తుంది. ఆగస్టులో నోళ్లు తెరిచిన పగుళ్లలో గిట్ట పడితే కాలు దెబ్బతింటుంది. ఇంటి పునాదులూ ఈ నేల ఉబ్బడం, కుంచించుకుపోవడంతో కదులుతాయి. నల్లనేలలోనూ గుర్రాలను పెంచేవారున్నారు. అయితే గుర్రాలను తిప్పే ఆవరణకు అడుగున రాతిపొర వేసి పైన ఇసుక పరవాలి, నీరు పోవడానికి వాలు కట్టాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

వాన పడిన మర్నాడు స్థలం చూడటానికి వెళ్లండి. ఏజెంటు ఇంట్లోకి రమ్మంటే ముందు పొలం గేటు దగ్గరికి నడవండి. గుర్రాలు రోజూ గుమిగూడే చోటు అదే. అక్కడ చీలమండ దాకా బురద ఉంటే ఆ స్థలంలో నీరు ఎటు పోవాలో ఎవరూ ఆలోచించలేదని అర్థం. తర్వాత సాలలోకి వెళ్లి తలుపులు మూసి ఉన్న గదిలో ఒక్క నిమిషం నిలబడండి. ముక్కుపుటాలు మండేంత ఘాటు వస్తే గాలి ఆడటం లేదన్నమాట. గది పన్నెండు అడుగులకు పన్నెండు అడుగులు ఉండాలి, నడిచే దారి కూడా సుమారు అంతే వెడల్పు కావాలి. కంచెకు ముళ్లతీగ ఉంటే దాన్ని తీసేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. బెదిరిన గుర్రం ముళ్లతీగలో ఇరుక్కుంటే చర్మం కోసుకుపోతుంది. పైపు కంచె గానీ, గిట్ట దూరని సన్న కళ్ల వలకంచె గానీ మేలు.

ఇప్పుడు అసలు విషయం పన్ను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంతోషపడతాం, ఆ లోటును ఆస్తి పన్ను తీర్చేస్తుంది. మొత్తం రేటు రెండు శాతం చుట్టూ ఉండే చోట 5,00,000 డాలర్ల నేలకు ఏటా 10,000 డాలర్లు. అదే నేలకు వ్యవసాయ విలువ నిర్ణయం ఉంటే మార్కెట్ ధరను పక్కన పెట్టి పంట దిగుబడిని బట్టి లెక్కిస్తారు. పన్ను చాలా చిన్న మొత్తానికి దిగిపోతుంది. అమ్మే ప్రకటనలో కనిపించే పన్ను ఆ తగ్గిన పన్నే. కొన్న తర్వాత అది మీకు దానంతట అదే రాదు. కొత్త యజమాని మళ్లీ దరఖాస్తు పెట్టాలి, మే 1కి ముందే. ఆలస్యమైతే కొంతకాలం వరకు పది శాతం జరిమానాతో తీసుకుంటారు, ఆ పైన ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. గుర్రం ఉంటే చాలు, వ్యవసాయమే అని మనవాళ్లు అనుకుంటారు. సరదా స్వారీకి, పందేలకు, ఇతరుల గుర్రాలను అద్దెకు ఉంచుకోవడానికి వాడే నేలను సాధారణంగా వ్యవసాయంగా లెక్కించరు. ఆడ గుర్రాలను ఉంచి పిల్లలు పెట్టించే పెంపకం అయితే లెక్కిస్తారు. గడ్డి కోయించినా, ఆవులను మేపినా, అయిదు నుంచి ఇరవై ఎకరాల మధ్య అయితే తేనెటీగలు పెంచినా చెల్లుతుంది. గత ఏడేళ్లలో అయిదేళ్లు ఆ నేల ప్రధానంగా సేద్యానికే వాడి ఉండాలి. నగర పరిధిలోకి వస్తే షరతులు ఇంకా కఠినం. కనీసం ఎన్ని ఎకరాలు, ఎన్ని పశువులు అన్నది కౌంటీని బట్టి మారుతుంది. కాబట్టి పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే ఆఫీసు, అంటే ఆ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్, మార్గదర్శకాలు తెప్పించుకుని, ఆఫర్ పెట్టక ముందే చదవండి. అమ్మేవారి ఆవులు వాళ్లతోపాటు వెళ్లిపోతాయి. పక్క రైతుతో గడ్డికోత ఒప్పందం కుదుర్చుకుంటే వాడకం కొనసాగుతుంది. ఎవరు సేద్యం చేశారన్నది ముఖ్యం కాదు, నేల సేద్యంలో ఉందా లేదా అన్నదే చూస్తారు.

ఆ నేలలో కొంత భాగాన్ని సేద్యం నుంచి తప్పించి వేరే వాడకానికి మళ్లిస్తే, ఆ భాగానికి మూడేళ్ల వెనకటి పన్ను తేడా కట్టాలి. 2019కి ముందు అది అయిదేళ్లు, పైగా వడ్డీ. ఇప్పుడు మూడేళ్లు, వడ్డీ లేదు. కొన్నాక మీరు వాడకం మారిస్తే ఆ భారం మీదే అని ఒప్పందంలోనే రాసి ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఆ పేరా చదివించుకోండి.

వీసా మీద ఉన్నవారు ఈ భాగం రెండుసార్లు చదవండి. గ్రీన్‌కార్డు లేనివారు పదెకరాలు దాటిన వ్యవసాయ భూమి కొంటే, 1978 నాటి ఫెడరల్ చట్టం కింద 90 రోజుల్లోగా ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంతో అమెరికా వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. పదెకరాల లోపు అయినా ఆ భూమి మీద ఏటా వెయ్యి డాలర్లకు మించి పంట అమ్మకాలు ఉంటే ఇదే నిబంధన. తెలియజేయకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా పోవచ్చు. ఇళ్లు మాత్రమే అమ్మే ఏజెంట్లలో చాలామందికి దీని ఊసే తెలియదు. పైగా అలా నమోదు చేసుకోవలసిన నాన్ రెసిడెంట్ ఏలియన్‌కు (అమెరికా నివాసిగా లెక్కకు రాని విదేశీయుడికి) టెక్సాస్ వ్యవసాయ విలువ నిర్ణయం వర్తించదని రాష్ట్ర పన్ను చట్టం చెబుతుంది. మీ వీసా ఆ నిర్వచనంలోకి వస్తుందో రాదో తేల్చవలసింది భూమి వ్యవహారాలు తెలిసిన న్యాయవాది. ఆయనకిచ్చే ఫీజు దండగ కాదు.

హెచ్-1బి వారికి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఇతరుల గుర్రాలను మన సాలలో ఉంచుకుని, మేత వేస్తూ, నెలకింత అని తీసుకుంటే అది పని చేయడమే. ఆ వీసా మీకు ఉద్యోగమిచ్చిన సంస్థ దగ్గర పనికే అనుమతిస్తుంది. వాయిదాల భారం తీర్చుకోవడానికి ఆ దారి పట్టి, గ్రీన్‌కార్డు దరఖాస్తుకు మీ చేతులతోనే అడ్డం పెట్టుకోకండి.

నీళ్ల సంగతి. పట్టణం దాటితే చాలాచోట్ల బోరు, సెప్టిక్ ట్యాంకులే. బోరు లోతు, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు వస్తున్నాయి, నీటి పరీక్ష ఫలితం, మూడూ కాగితం మీద అడగండి. కరెంటు పోతే బోరూ ఆగుతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో తొట్లలో నీరు గడ్డకట్టి, మోటారు తిరగక, గుర్రాల వాళ్లు బకెట్లతో మోశారు. జనరేటర్ ఉందా, సాలకు వెళ్లే పైపులు నేలలో తగినంత లోతున ఉన్నాయా అన్నది అందుకే అడగాలి.

నేల కింది హక్కు మనవాళ్లకు బొత్తిగా కొత్త. టెక్సాస్‌లో పైనేల ఒకరిది, కింది గ్యాసూ నూనే మరొకరివి కావచ్చు. కింది హక్కున్నవారు తవ్వుకోవడానికి అవసరమైన మేరకు పైనేలను వాడుకోవచ్చు. డెంటన్ కౌంటీ కింద బార్నెట్ షేల్ గ్యాస్ పొర ఉంది. 2014 నవంబరులో డెంటన్ నగర ప్రజలు ఓటు వేసి ఫ్రాకింగ్‌ను (ఒత్తిడితో నీరు పంపి రాతిపొర పగలగొట్టి గ్యాస్ తీయడాన్ని) నిషేధిస్తే, మరుసటి ఏడాదే రాష్ట్ర శాసనసభ హౌస్ బిల్ 40 తెచ్చి ఆ నిషేధం చెల్లకుండా చేసింది. కాబట్టి ఊరు కాపాడుతుందని భరోసా పెట్టుకోకండి. పైనేలను వాడుకోబోమన్న హామీ పత్రం ఉందా, పైపులైన్లకు దారి హక్కు ఎక్కడెక్కడ ఉంది అని భూమి హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీని అడిగి సర్వే మీద గీయించుకోండి. సాల కట్టాలనుకున్న చోటే పైపులైను పోతుంటే ఆ స్థలం మీకు పనికిరాదు.

కొనుగోలుకు ఇంటి ఒప్పందం ఫారం కాకుండా, టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి ఫామ్ అండ్ రాంచ్ ఫారం ఉంది. గేట్లు, తొట్లు, పంపులు, పశువుల దొడ్లు ఎవరికి చెందుతాయో అందులో రాసుకోవచ్చు. విప్పి తీసుకెళ్లగలిగే కంచె పలకలు, గుండ్రటి శిక్షణ ఆవరణ, ఇవన్నీ చూసినప్పుడు ఉంటాయి, తాళాలు చేతికొచ్చేసరికి మాయమవుతాయి. పేరుపేరునా రాయించండి. స్థలం మీదయ్యాక, గుర్రాల కార్యకలాపాల బాధ్యతపై రాష్ట్ర చట్టం చెప్పే హెచ్చరిక బోర్డు సాల దగ్గర పెట్టి, బీమా తీసుకోండి. మీ పాప స్నేహితురాలు కింద పడితే బోర్డు ఒక్కటే సరిపోదు.

ఇక అమ్మడం. గుర్రాల స్థలానికి కొనేవారు తక్కువ, కనుక ఓపిక కావాలి. లక్షలు పోసి పైకప్పు వేయించిన స్వారీ ఆవరణకు బ్యాంకు మదింపులో ఆ లక్షలు రావు. గుర్రాలు లేనివారికి అది ఖర్చుగానే కనిపిస్తుంది. మంచి కంచె, మంచి పచ్చిక, నీరు నిలవని నేల, వ్యవసాయ విలువ నిర్ణయం తెగకుండా ఉన్న రికార్డు, ఇవే ధర నిలబెడతాయి. గడ్డికోత రసీదులు, బోరు రిపోర్టు, సెప్టిక్ మరమ్మతు కాగితాలు ఏ ఏటివి ఆ ఏడు ఫైలులో పెట్టుకోండి. వసంతంలో వానలు పడి బీడు పచ్చబడ్డాక ఫోటోలు తీయించండి. పట్టణం పైపైకి వస్తోంది. ప్రాస్పర్ పక్కనున్న సెలైనా దేశంలోనే అతి వేగంగా పెరిగిన నగరంగా 2023లో లెక్కకెక్కింది. ఇళ్ల కంపెనీ ఎక్కువ ధర ఇస్తామని వస్తే, ఆ మూడేళ్ల పన్ను తేడా వాళ్లే కట్టాలని ఒప్పందంలో రాయించుకోండి.

గత అయిదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి ఉంటే, లాభంలో ఒక్కరికి 2,50,000 డాలర్లు, భార్యాభర్తలకు కలిపి 5,00,000 డాలర్ల దాకా ఫెడరల్ పన్ను మినహాయింపు ఉంది. ఇంటిని ఆనుకుని, ఇంటి వాడకంలో ఉన్న నేలకూ అది వర్తిస్తుంది. వ్యాపారానికి వాడిన భాగానికి లెక్క వేరు. ఇండియాకు తిరిగి వెళ్లిపోయి, అమెరికా పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే మాత్రం కొనేవారు అమ్మకపు ధరలో సాధారణంగా 15 శాతం మినహాయించి అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు కడతారు, మీకు లాభం వచ్చినా రాకపోయినా. రావలసినది ఏదైనా ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అలా చిక్కుకోకుండా ఉండాలంటే అమ్మకం పూర్తయ్యే రోజు లోగానే 8288-బి ఫారంతో, ఆ కోతను తగ్గించే సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారు టికెట్లు కొనక ముందే అకౌంటెంటును కలవండి.