మొదటి నెల జీతం ఎవరి ఖాతాలోకి?

ప్రశ్న: అక్కా, మాది కమలాపురం దగ్గర పల్లె. నాకు 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మా ఆయన ఆటో తోలుతాడు. అత్తమ్మ ఆపరేషన్‌కు చేసిన అప్పు 2 లక్షలు ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. కువైట్‌లో ఇంటిపనికి ఖాదిం వీసా వస్తోంది, జీతం 120 దినార్లు అంటున్నారు. అక్కడ తిండి, భాష ఎలా ఉంటాయి? ఫోన్ ఉంచుకోనిస్తారా? ఇంటికి నెలకు ఎంత పంపాలి?

జవాబు: చెల్లీ, నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నే అన్నిటికంటే ముందు అడగాల్సింది. తిండికీ భాషకూ ఆరు నెలల్లో అలవాటు పడతావు. డబ్బు దగ్గర మొదట్లో చేసిన తప్పులు దిద్దుకోవడానికి నాకు ఐదేళ్లు పట్టింది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు.

నేను 2004లో వచ్చాను. మాది వేంపల్లె దగ్గర పల్లె. అప్పటికి నాకు 31 ఏళ్లు, పాపకు తొమ్మిది, బాబుకు ఆరు. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో ఒకాయన దగ్గర 45,000 తెచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీ. జీతం 40 దినార్లు. అప్పుడు దినారు 150 రూపాయలు, కొంచెం అటూ ఇటూ. అంటే నెలకు 6,000. కడప స్టేషన్‌లో నన్ను చెన్నై రైలు ఎక్కిస్తూ మా ఆయన, "ఎనిమిది నెలలు గట్టిగా పంపితే అప్పు తీరిపోతుంది" అన్నాడు. పదో తరగతి చదివినదాన్ని, నాకూ ఆ లెక్క సరిగ్గానే ఉందనిపించింది. వడ్డీ సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

వచ్చిన ఇంట్లో ఎనిమిది మంది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం. మొదటి నెల ఆఖర్లో ఆమె రెండు ఇరవై దినార్ల నోట్లు చేతిలో పెట్టబోతే నేనే వద్దన్నాను. "మీ దగ్గరే ఉండనీ మామా, సెలవుకు పోయేటప్పుడు ఒక్కసారి ఇవ్వండి" అని సైగలతో చెప్పాను. కొత్త చోటు, పెట్టె లేదు, తాళం లేదు, నోట్లు ఎక్కడ దాచుకోవాలో తెలియదు. అప్పటికి అదే తెలివైన పని అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఇంటి నుంచి అప్పు గురించి ఫోన్ వస్తే డబ్బు అడిగాను. ఆమె లెక్కలో ఏడు నెలలే అయింది. అందులోంచి ఫోన్ కార్డులకని, మందులకని ఇంకొన్ని దినార్లు పోయాయి. నా దగ్గర కాగితం లేదు, అడగడానికి మాటలు రావు. ఆ రాత్రి వంటింట్లో కూర్చుని వేళ్ల మీద నెలలు ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో.

మరుసటి రోజు డ్రైవర్‌తో చెప్పి ఒక నోట్‌బుక్ తెప్పించుకున్నాను. ఆ నెల నుంచి ఈ రోజు వరకు జీతం అందిన ప్రతిసారీ తేదీ, మొత్తం రాసి, పక్కన ఇచ్చినవాళ్ల సంతకం పెట్టించుకుంటున్నాను. మొదట్లో మామా నవ్వింది. తర్వాత ఆమే "నీ దఫ్తర్ తే" అనేది. ఇప్పటికి ఏడు నోట్‌బుక్కులు అయ్యాయి. నువ్వు వచ్చేటప్పుడే రెండు తెచ్చుకో. బ్యాంకులో జీతం వేసే ఇల్లయితే ఇంకా మంచిది, కానీ నోట్‌బుక్ మాత్రం మానొద్దు.

ఇక ఇంటికి పంపడం సంగతి. మొదటి మూడేళ్లలో మా ఆయన ఖాతాకు దాదాపు 1,75,000 రూపాయలు పంపాను. నా చేతిలో ఏమీ ఉంచుకోలేదు. సబ్బు కూడా మామా ఇస్తేనే. అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుందనుకున్నాను. ఫోన్‌లో అడిగితే "కడుతున్నాం" అనేవాళ్లు.

2007లో సెలవు మీద ఊరికి పోయాను. రెండు అట్టపెట్టెలు కట్టుకుని పోయాను. మింక్ దుప్పట్లు, టాంగ్ డబ్బాలు, నిడో పాలపొడి, గొడ్డలి గుర్తు తైలం, మా మరిదికి ఫోను. అందులో సగం సరుకు ఇక్కడ అప్పు మీద తెచ్చిందే, తిరిగొచ్చి మూడు నెలల జీతం దానికే పోసాను. నాలుగో రోజు పొద్దున్నే అప్పిచ్చినాయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అసలు 45,000 అలాగే ఉంది. మూడేళ్ల వడ్డీ 48,600. రెండూ కలిపి 93,600.

మా ఆయన తాగేవాడు కాదు, పేకాట ఎరగడు. నేను పంపిన డబ్బు ఎక్కడికి పోయిందో చేలోకి తీసుకుపోయి చూపించాడు. మాకున్నది మూడెకరాల మెట్ట. చెనిక్కాయ వేస్తే వానను నమ్ముకోవాలి. చుట్టుపక్కల చీనీ తోటలు చూసి, బోరు పడితే మేమూ నాలుగు చెట్లు పెట్టుకోవచ్చని ఆశపడ్డాడు. మొదటి బోరు 300 అడుగులకు దుమ్ము లేచింది. రెండోదాంట్లో ఇంచు నీళ్లు పడితే చీనీ మొక్కలు నాటారు. ఎండాకాలానికి ఆ నీళ్లూ పోయాయి. మూడోది 500 అడుగులు తోలించారు, అదీ దుమ్మే. మొక్కలు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. నేను ఆయన్ని ఒక్క మాట కూడా అనలేకపోయాను. ఆయన చోట నేనున్నా అదే చేసేదాన్ని. ఖాతాలో డబ్బు కనిపిస్తుంటే మన పల్లెల్లో ఎవరికైనా ముందు బోరే గుర్తొస్తుంది. తప్పంతా ఆయనదని కాదు. నేను సంపాదించిన డబ్బుకు నేను లెక్క అడగలేదు, నా పేరున ఒక్క రూపాయి పెట్టుకోలేదు.

తిరిగి వచ్చేముందు వేంపల్లెలో బ్యాంకుకు పోయి నా పేరుతో ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లకిచ్చే ఖాతా, తెరిచాను. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, ఫోటోలు అడిగారు, అంతే. కువైట్ నుంచి పంపే డబ్బు దాంట్లోనే పడాలి. ఆ ఖాతాకు వచ్చే వడ్డీ మీద మన దేశంలో పన్ను ఉండదు. ఇంట్లోవాళ్లను జాయింటుగా పెట్టుకోవాలంటే "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతి ఉంది. మనం బతికున్నంత కాలం ఖాతా మనదే. నామినీ పేరు మాత్రం తప్పకుండా రాయించు. ఇప్పటి పిల్లలు అంతా ఫోన్‌లోనే అయిపోతుందంటారు గానీ, విమానం ఎక్కకముందే కౌంటర్ దగ్గర నిలబడి, అర్థమయ్యేదాకా అడిగి పోవడమే నయం.

మా ఆయనకు కోపం వచ్చింది. ఊళ్లో ఆడబిడ్డలు "నమ్మకం లేదా" అన్నారు. పది రోజులు ఇంట్లో మాటల్లేవు. నేను మాత్రం గట్టిగా నిలబడ్డాను. జీతాన్ని మూడు భాగాలు చేశాను. అప్పిచ్చినాయనకు నేరుగా మా అన్న చేతుల మీదుగా కట్టించాను, రసీదు ఫోన్‌లో చదివించుకునేదాన్ని. ఇంటి ఖర్చుకు ఒక భాగం పంపాను. మూడోది నా ఖాతాలో. జీతం కొంచెం కొంచెంగా పెరిగింది. 2012 సంక్రాంతి నాటికి అప్పు తీరింది. ఆ తర్వాత వేంపల్లెలో మూడు సెంట్లు కొన్నాం, రెండు గదుల మిద్దె వేశాం. 2016లో పాప పెళ్లి చేశాం. బాబు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివాడు. ఇదంతా అరబ్బు ఇంట్లో గిన్నెలు కడిగి చేశానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఇక్కడికి వచ్చాక నీ డబ్బు మీద ఇంకా చాలామంది కన్ను పడుతుంది. మనవాళ్లే చీటీలు వేస్తారు. నెలకు 20 దినార్లు, ఇరవై మంది. 2010లో నేనూ కట్టాను. పాటలు సగం కూడా కాకముందే చీటీ నడిపే మనిషి సెలవని ఊరికి పోయి మళ్లీ రాలేదు. 180 దినార్లు పోయాయి. ఎవరికని చెప్పుకోవాలి? హుండీలో, అంటే బ్యాంకు లేకుండా మనుషుల చేతుల మీదుగా, పంపితే రేటు ఎక్కువ ఇస్తారని కూడా అంటారు. రసీదు లేని డబ్బు దారిలో ఆగితే నిన్ను ఆదుకునేవాళ్లు ఉండరు, పైగా అది చట్టానికి విరుద్ధం. ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో సివిల్ ఐడీ చూపించి పంపు. 2013 ఆగస్టులో రూపాయి పడిపోయి దినారు 240 దాకా పోయినప్పుడు మా బిల్డింగుల చుట్టుపక్కల ఆడవాళ్లు వడ్డీకి దినార్లు తెచ్చి మరీ ఊరికి పంపారు. నేను నా జీతమే పంపాను. ఇప్పుడు రేటు 270 దాటింది. రేటు ఎంతున్నా అప్పు తెచ్చి పంపే పని పెట్టుకోకు.

రూల్స్ గురించి ఎక్కువ రాయను, మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అన్నీ ఉన్నాయి, పిల్లలతో చూపించుకో. ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే రావాలి. మన రాష్ట్రంలో ఓమ్‌క్యాప్ ఉంది. ఎవరైనా విజిట్ వీసా మీద పంపి ఇక్కడ మారుస్తామంటే ఆ గడప తొక్కొద్దు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, ఆ కాగితం కాపీ ఇంట్లో పెట్టి రా. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపని వాళ్ల కోసమే ఉంది. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల చొప్పున జీతం ఇవ్వాలి. నీ పాస్‌పోర్టు వాళ్లు దాచుకోకూడదు. మేము వచ్చినప్పుడు ఈ చట్టం లేదు, మీరు అదృష్టవంతులు. నీ 120 దినార్లు కాంట్రాక్టు కాగితం మీద ఉందో లేదో చూసుకో. నోటిమాట 120, కాగితం మీద 80 అయిన వాళ్లను నేను చూశాను.

తిండి గురించి దిగులు పడకు. ఖుబ్బూస్ రొట్టె, అన్నం, కోడి దొరుకుతాయి. సంగటి మీద మనసు పోతుంది, ఒక కిలో రాగిపిండి, చెనిక్కాయల పొడి తెచ్చుకో. ఫోన్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంచుకోనిస్తారు, పని వేళల్లో పక్కన పెట్టమంటారు. భాష పిల్లల దగ్గర తొందరగా వస్తుంది. ముందు మాత్రం "మాష్" అనే మాట నేర్చుకో, జీతం అని అర్థం. "మామా, మాష్" అని నెల తిరగ్గానే మెల్లగా, మర్యాదగా అడగడం అలవాటు చేసుకో. అడగడానికి మొహమాటపడే పిల్లలే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు.

నీ 120 దినార్ల లెక్క నేను వేసి చూశాను. అప్పుకు 40 దినార్లు పక్కన పెట్టు, దినారు 270 లెక్కన అది 10,800 రూపాయలు. వడ్డీ 4,000 పోను మిగిలింది అసలులో తగ్గుతుంది. నెల తప్పకుండా కడితే రెండేళ్లలో అప్పు మొత్తం తీరుతుంది. కట్టిన ప్రతిసారీ రసీదు ఫోటో తెప్పించుకో. ఇంటికి ఇంకో 40. మీ ఆయనకు ముందే కూర్చోబెట్టి చెప్పు, ఇంతకు మించి రాదని. ఆటో రిపేరు అన్నా, పెళ్లి చదివింపులన్నా ఆ 40లోనే సర్దుకోవాలి. 30 దినార్లు నీ ఖాతాలో.

మిగిలిన 10 నీ దగ్గరే ఉంచుకో, ఎవరికీ చెప్పకు. 2005లో మా నాయన పోయినప్పుడు మామా సెలవు ఇస్తానంది, టికెట్టు మాత్రం నన్నే కొనుక్కోమంది. నా దగ్గర 4 దినార్లు ఉన్నాయి. పదకొండో రోజు కర్మ జరుగుతుంటే నేను ఇక్కడ దీవానియాలో, అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గదిలో, టీ గ్లాసులు సర్దుతున్నాను. నెలకు 10 అంటే ఎనిమిది తొమ్మిది నెలల్లో ఒకవైపు టికెట్టు డబ్బు అవుతుంది. అది అయ్యాక కూడా కదిలించకు. పెట్టెలో బట్టల కింద కాదు, నోట్‌బుక్ అట్టలోపల పెట్టుకో.