అడవి మంటలు ఆర్పే పనిలో చేరితే బతుకుతెరువు దొరుకుతుందా?

డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న మీ తమ్ముడు అచ్చంపేట వైపు అడవిలో ఫైర్ వాచర్‌గా చేరతానంటున్నాడు, పంపవచ్చా అని అడిగారు. నిరభ్యంతరంగా పంపండి. కాని ఉద్యోగం అనుకుని మాత్రం పంపకండి. తొలకరి పడితే ఆ పని ముగిసినట్టే.

హైదరాబాద్ రాకముందు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నేనూ ఆ పని చేశాను. ముందు ఫైర్ లైన్లు, అంటే మంట దాటిరాకుండా ఖాళీ పట్టీలు తీయాలి. అందుకు గడ్డి కోసి, ఎండుటాకు పోగుచేసి, గాలి లేని వేళ చూసి మనమే కాల్చేయాలి. ఆ తర్వాత కాపలా. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టినా, ఎవరో బీడీ ఆర్పకుండా పారేసినా చాలు, గుట్ట అంటుకుంటుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ సమాచారం చూసి ఫోనుకు సందేశం పంపుతుంది. ఆ ఉపగ్రహం కంటికి ఒక్కో చుక్క సుమారు 375 మీటర్ల చదరం. ఆ చదరంలో మంట ఏ మూలన ఉందో చెప్పేది మాత్రం మాతో వచ్చే చెంచు పెద్దాయన ముక్కే!

మంట వచ్చే దారిలో గాలి ఊదే యంత్రం బ్లోయర్‌తో ఆకును తోసి నేల తేలేలా చేస్తాం. దాటివచ్చిన మంటను పచ్చికొమ్మలతో కొడతాం. కొత్తవాళ్లు అక్కడితో అయిపోయిందనుకుంటారు. కాలిన ప్రతి మొద్దు దగ్గరా చేతి వెనుక వైపు ఆనించీ ఆనించకుండా పెట్టి చూడాలి. సెగ తగిలితే తవ్వి మట్టి కప్పాలి. వదిలేస్తే మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది.

ఇంత నేర్చుకుని నగరంలో ఒక కర్మాగారానికి అగ్నిప్రమాదాల భద్రతా ఉద్యోగం కోసం వెళితే, సర్టిఫికెట్ ఏదన్నారు. మస్టరులో వేలిముద్ర తప్ప నా దగ్గర ఏముంది? చివరికి డబ్బు కట్టి ఒక కోర్సు చదవాల్సి వచ్చింది. అందులో అడవి మంటల ఊసే లేదు.

దక్షిణాఫ్రికాలో 2003లో మొదలైన ‘వర్కింగ్ ఆన్ ఫైర్’ పథకం నాకు అందుకే నచ్చుతుంది. పేదింటి యువతీయువకులను తీసుకుని శిక్షణ ఇస్తారు. మంటల కాలం కానప్పుడు కలుపు చెట్ల నరికివేత వంటి పనులూ ఉంటాయి. అక్కడా అంతా సవ్యంగా ఏమీ లేదు. 2016లో కెనడాలోని ఆల్బర్టాకు మంటలు ఆర్పడానికి వెళ్లిన సుమారు 300 మంది, భత్యం దగ్గర పేచీ వచ్చి పని ఆపేసి, అనుకున్నదానికన్నా ముందే ఇంటిదారి పట్టారు. పనితనాన్ని ఎంత పొగిడినా కడుపు నిండదు కదా.

మీ తమ్ముడు అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగ పరీక్షకూ చదవాలి. అందులో మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. గుట్టలెక్కి దిగినవాడికి అదొక లెక్క కాదు. చేరేముందు మాత్రం కూలీ ఎప్పుడు ఇస్తారో, ఒళ్లు కాలితే వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకుంటారో అడగమనండి. పని ముగిశాక, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఏం చేశాడో రేంజ్ ఆఫీసు ముద్రతో రాయించుకోమనండి.